మా ఆడపడుచు రికార్డు

మా ఆయనకి చెవుడు వచ్చిందని ఆరేళ్ళుగా నేను అంటున్నాను. రాలేదని ఆరేళ్ళుగా ఆయన అంటున్నారు. ముప్ఫై ఆరేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఎదుటివాళ్ళ మాట వినిపించుకోకపోవడం ఉద్యోగంలో ఉండగానే అలవాటైపోయింది కాబట్టి, నిజంగా వినపడటం మానేసినప్పుడు ఊళ్ళో ఎవరికీ తేడా తెలియలేదు. నాకు తెలిసింది. కుక్కరు ఏడు విజిళ్ళు వేసినా పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటుంటే ఇంట్లో ఉన్న దాన్ని, నాకు తెలియదూ? అమలాపురంలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "నా చెవులు బాగానే ఉన్నాయి, నీ మాటలే అరిగిపోయాయి" అనేవారు.

అలాంటి మనిషి ఈ ఏడు ఫాల్గుణంలో ఒక ఉదయం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నువ్వన్నదే నిజమేమో కామేశ్వరీ. శ్రీలక్ష్మి సరిగ్గా వినపడ్డం లేదు" అన్నారు.

శ్రీలక్ష్మి ఆయన చెల్లెలు. నాకు ఆడపడుచు అవుతుంది కానీ ఆ పిల్ల మొహం నేనెప్పుడూ చూడలేదు. నేను కాపరానికి వచ్చేసరికే పోయి మూడేళ్ళయింది. ఇరవయ్యో ఏట, కామెర్లతో, పెళ్ళి కాకుండానే పోయింది. మా ఇళ్ళలో పెళ్ళికాని ఆడపిల్లకి తద్దినం పెట్టరు. మా మామగారు ఘనాపాఠి, గన్నవరం చుట్టుపక్కల ఆయనకి తెలియని ధర్మశాస్త్రం లేదు. పోయిన పెద్దలందరికీ తిథీ, నువ్వులూ, నీళ్ళూ ఉన్న ఆ ఇంట్లో ఈ పిల్లకి మాత్రం ఏమీ లేదు.

అందుకని మా ఆయన తనకు తానే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ పిల్ల పోయిన తిథినాడు పొద్దున్నే తలారా స్నానం చేసి, మడి కట్టుకుని, ఆ పిల్ల పాడిన రికార్డు ఒక్కసారి పెట్టుకుని వింటారు. ఏడాదికి ఒక్కసారే. ముల్లు తిరిగినకొద్దీ గాడి అరుగుతుంది కాబట్టి, ఏడాదికొకసారి చొప్పున వింటే తను ఉన్నన్నాళ్ళూ చెల్లెలి గొంతు ఉంటుందని ఆయన వేసుకున్న లెక్క. ఇంకో ప్రతి లేదు మరి. ప్రపంచం మొత్తం మీద ఆ పిల్ల గొంతు ఉన్నది ఆ ఒక్క పళ్ళెంలోనే.

అది బజార్లో కొన్న రికార్డు కాదు. డెబ్భై మూడులో, మద్రాసులో ఉన్న బంధువెవరో మాట సాయం చేస్తే, అన్న చెల్లెల్ని తీసుకుని ఒక రికార్డింగు కంపెనీకి వెళ్ళాడు. వాళ్ళు ఆ పిల్ల చేత ఒక పాట పాడించి, పరీక్ష కోసం ఒక్క రికార్డు తీశారు. నెల తర్వాత రికార్డూ, దాంతో పాటు ఒక ఉత్తరమూ వచ్చాయి. గొంతు బాగుంది గానీ మొదట్లో బెదురు కనపడింది, మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం అని. ఆ మళ్ళీ రాలేదు. ఇంట్లో తెలిసి మామగారు మండిపడ్డారు. వేదం చెప్పుకునే ఇంట్లో ఆడపిల్ల గొంతు బజారున పడటమేమిటన్నారు. ఆ పిల్ల పోయాక మాత్రం, ఆ పళ్ళేన్ని కొడుకు చేతిలో పెట్టి, "ఇంట్లో ఉంచుకో. గడప దాటించకు, నకళ్ళు తీయించకు" అన్నారట. ఆ మాట మీదే మా ఆయన ఇన్నేళ్ళూ నిలబడ్డారు. క్యాసెట్లు వచ్చాయి, పోయాయి. ఆ రికార్డు మా పడమటింట్లో టేకుపెట్టెలోంచి కదల్లేదు.

రికార్డు విన్నాక ప్రతి ఏడూ ఆయన ఒకటే చెప్పేవారు. పాట రికార్డు చేసిన అద్దాల గదిలో చెల్లెలి ఎదురుగా తను నిలబడ్డారట. వేళ్ళతో తాళం వేసి చూపించారట. ఆ పిల్ల తన మొహంలోకి చూస్తూ పాట ఎత్తుకుందట. వచ్చిన ప్రతి చుట్టానికీ ఇదే చెప్పేవారు, లెక్కలో మెట్టు తప్పనట్టు ఒక్క మాట మారకుండా.

నా సంగతి కూడా చెప్పేస్తాను. ఆ రోజంటే నాకు లోపల మంటగా ఉండేది. ఉదయం పది దాకా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, నేను గిన్నె చప్పుడు చెయ్యకూడదు. నాతో నలభై ఏడేళ్ళు కాపరం చేసి, నా మాట ఒక్కరోజు కూడా అంత శ్రద్ధగా వినని మనిషి, లేని చెల్లెలి కోసం కళ్ళు మూసుకుని కూర్చునేవారు. పోయినవాళ్ళతో ఎవరు పోటీ పడగలరు? అందుకే నేనెప్పుడూ ఆ పాట పూర్తిగా మనసు పెట్టి వినలేదు. ఏ ఏటికా ఏడు అది మసకబారుతోందని గుర్తుపట్టవలసిన దాన్ని నేనే. గుర్తుపట్టలేదు.

ఆ రికార్డుకి నూనె రాయడం నేను కాపరానికి వచ్చిన మొదటి ఏడాదే మొదలైంది. కొత్త కోడల్ని. రికార్డు మీద తెల్లటి మచ్చలు చూసి ఆయన దిగులుపడుతుంటే నేను కల్పించుకున్నాను. కొత్తపేటలో మా నాన్నగారికి రికార్డుల పిచ్చి. వర్షాకాలం వెళ్ళగానే వాటన్నిటినీ తీసి, మెత్తటి పంచె ముక్కకి కొబ్బరినూనె చుక్క అద్ది తుడిచేవారు. నల్లగా నిగనిగలాడేవి. మా కొబ్బరి సీమలో జుట్టుకీ, పిల్లల ఒంటికీ, తలుపు బందులకీ, దెబ్బలకీ అన్నిటికీ అదే కదా. "కాస్త కొబ్బరినూనె రాయండి, తేరుకుంటుంది" అన్నాను. ఆయన రాశారు. మచ్చలు పోయాయి. నా మాట అంత తొందరగా ఆయన విన్నది అదొక్కసారే. ఆ తర్వాత ఏటేటా రికార్డు విని, మా చెట్ల కాయలతో మా ఇంట్లోనే కాచిన నూనె ఒక చుక్క తీసి, పసిపిల్లకి రాసినట్టు రాసి, పెట్టెలో పెట్టేవారు. అంచున అరవేలు మేర మాత్రం ముట్టుకునేవారు కాదు. అక్కడ పాడైందనీ, చెయ్యి తగిలితే పగులుతుందనీ అనేవారు. వినేటప్పుడు కూడా ముల్లు ఆ అంచు దాటించి లోపల పెట్టేవారు.

ఆ ఫాల్గుణంలోనే చెవుల డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవులకీ మిషన్లు పెట్టాడు. ఇంటికి వస్తుంటే గన్నవరం అక్విడక్టు వంతెన మీద ఆటో చప్పుడుకి ఈయన ఉలిక్కిపడ్డారు. ఇంటికొచ్చాక కాకులు వినపడ్డాయి, పక్కింటి సత్తెమ్మ చీపురు వినపడింది, నేను గొణుక్కుంటున్నవి కూడా వినపడ్డాయి. "ఇన్నాళ్ళూ ఇవన్నీ అంటూనే ఉన్నావా?" అన్నారు. ఆ పూట ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, తిథి కాకపోయినా, యాభై ఏళ్ళలో మొదటిసారి ఆ ఏట రెండోసారి రికార్డు తీశారు. నేను గుమ్మంలో నిలబడి ఈసారి బుద్ధిగా విన్నాను. బియ్యం చెరుగుతున్నట్టు ఒకటే రొద. ఆ రొద అడుగున ఎక్కడో ఎవరో మూలుగుతున్నట్టు ఉంది. అది పాట కాదు.

"మిషను పనిచెయ్యటం లేదు" అన్నారు.

"పనిచేస్తోందండీ. నాకూ అలాగే వినపడుతోంది" అన్నాను.

ఆయన రికార్డు వంకే చూస్తూ ఉండిపోయారు. చెవుడు తనదని ఒప్పుకున్నప్పుడు కూడా ఆయన మొహం అలా లేదు. చెవులు బాగుండటం ఎవరికైనా ఇంత దుఃఖం తెస్తుందని నేననుకోలేదు.

అమలాపురంలో నాగసతీష్ అని ఒకతను ఉన్నాడు. వాళ్ళ నాన్న కాలంలో మైకు సెట్టు. ఇతను పాత రికార్డుల్లో పాటలు కంప్యూటరులోకి ఎక్కించి ఇస్తాడు. పిలుద్దామంటే మా ఆయన ససేమిరా అన్నారు. నాన్నగారికి మాటిచ్చానన్నారు. "మీ నాన్నగారు పోయి ముప్ఫై ఏళ్ళయింది, అడిగితే నేను చెప్పుకుంటాను" అని నేనే ఫోను చేశాను. గడప దాటించకూడదు కాబట్టి అతన్నే సరంజామాతో ఇంటికి రమ్మన్నాను.

నాగసతీష్ నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. రికార్డు కిటికీ వెలుగులో పెట్టి భూతద్దంతో చాలాసేపు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"దీనికేవైనా రాసేరా మాస్టారూ?"

"ఏటా కొబ్బరినూనె రాస్తాను. ఇంట్లో కాచిందే, కల్తీ లేదు" అన్నారు మా ఆయన. ఆ మాటలో గర్వం కూడా ఉంది.

అతను రికార్డుని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "ఆయ్. బజార్లో అమ్మేవాటికైతే తుడిచేసినా పోయేదండి. ఇది అలాంటిది కాదండి. లోపల అల్యూమినియం రేకు, పైన పల్చటి లక్క లాంటి పూత. గాడి అంతా ఆ పూతలోనే ఉంటాదండి. నూనె అందులోకి ఇంకిపోయి, పూత ఉబ్బిపోయి, రేకుని వదిలేసిందండి. ఎవరు చెప్పేరండి రాయమని?"

నేనేనని చెప్పబోయి నోరు తెరిచాను.

"ఎవరూ చెప్పలేదు. నేనే రాసేను" అన్నారు మా ఆయన.

నిజంగా మరిచిపోయి అన్నారో, నన్ను కాచడానికి అన్నారో ఆయన మొహంలో నాకు దొరకలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను. ఇంత వాగుడు వాగే దాన్ని, ఆ ఒక్కమాట అనలేకపోయాను. అందుకు నన్ను నేను క్షమించుకోలేదు.

"ముల్లు పెడితే పూత లేచొచ్చేస్తాదండి. ఒక్కసారే వీలవుతుంది, వచ్చినంత వరకూ ఎక్కించుకోవడమే. పెట్టమంటారా?" అన్నాడు నాగసతీష్.

మా ఆయన తలాడించారు.

"అంచు మాత్రం శుభ్రంగా ఉందండి, నూనె తగల్లేదు. ఇక్కణ్ణుంచి మొదలెడతానండి."

"అక్కడొద్దు. అక్కడేం లేదు" అన్నారు ఆయన గబుక్కున.

"ఉందండి, గాడి కనపడతానే ఉంది."

"వద్దని చెబుతున్నాగా."

నాకు ఆయన మొండితనం మీద ఒళ్ళు మండింది. ఉన్న నాలుగు గింజలూ దక్కించుకోవలసిన వేళ కూడా పంతమేనా అనుకున్నాను. "నువ్వు పెట్టు బాబూ" అన్నాను. నాగసతీష్ ముల్లు దించాడు.

మొదట కాస్త గరగర. తర్వాత ఒక మగ గొంతు, "ఏమ్మా, పాడతావా?"

ఆ వెనకే ఒక ఆడపిల్ల గొంతు. ఇంత దగ్గరగా, ఇంత స్పష్టంగా, గదిలో మా మధ్య కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. "ఒక్క నిమిషం ఆగుతారాండీ. మా అన్నయ్య వచ్చేస్తాడు. కాఫీ తాగొస్తానని వెళ్ళేడండి. వాడు ఎదురుగా లేకపోతే నాకు భయమండి."

"టైము లేదమ్మా. పాడేసెయ్."

ఊపిరి పీల్చుకున్న చప్పుడు. వణుకుతున్న మొదటి అక్షరం. అంతే, నూనె రాసిన చోటికి ముల్లు చేరగానే పూత లేచిపోయింది. నల్లటి చుట్టలు చుట్టుకుంటూ ఊడి వచ్చేస్తోంది. నాగసతీష్ ముల్లు ఎత్తేశాడు. కింద తెల్లటి రేకు బయటపడింది.

నాకు అప్పుడర్థమైంది. ఆ అంచు పాడవలేదు. అక్కడ ఏముందో ఆయనకి యాభై ఏళ్ళుగా తెలుసు. అద్దాల గదీ, ఎదురుగా నిలబడటం, వేళ్ళతో తాళం, అన్నీ ఆయన కట్టుకున్నవే. ఉత్తరంలో రాసిన ఆ బెదురు ఎందుకొచ్చిందో కూడా ఆయనకి తెలుసు. ఆయన వంక చూడటానికి నాకు సిగ్గేసింది, తప్పు చేసింది నేనే అన్నట్టు.

"అది తీసెయ్యి" అన్నారు ఆయన.

"ఏదండి?"

"ఆ కంప్యూటర్లోకి ఎక్కింది. పాటే లేనప్పుడు ఆ మాటలెందుకు? తీసెయ్యి."

నాగసతీష్ నా వంక చూశాడు. "ఉన్నది అదొక్కటేనండి అమ్మగారూ. మాస్టారు బాధలో అంటన్నారు. మీ ఫోనులోకి పంపేసి ఉంచుతానండి" అని నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

ఆ కాస్సేపట్లో నేను అనుకున్నదేమిటో దాచకుండా చెబుతాను. నూనె చెప్పి పాట పోగొట్టింది నేను. ముల్లు పెట్టించి ఆయన పరువు నా ఎదుటా, పరాయివాడి ఎదుటా తీసింది నేను. ఇక ఈ మాటలు కూడా ఇంట్లో ఉంటే, ఏటేటా తలస్నానం చేసి కూర్చుని వినేది ఇవేనా? ఒక్కసారైనా ఆయన అడిగింది అడిగినట్టు చేద్దామనిపించింది. అది ప్రేమే అనుకున్నాను.

"మాస్టారు చెప్పినట్టే చెయ్యి బాబూ" అన్నాను.

అతను రెండుసార్లు అడిగి, చేశాడు.

చైత్రం వెళ్ళిపోయింది. ఆయన ఆ విషయం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చెవి మిషన్లు పెట్టుకునే ఉండేవారు కానీ మాట్లాడేవారు కాదు. నేను ఎందుకైనా నోరు పారేసుకుంటే, వెనకటిలా ఒకటి తగిలించకుండా తలూపి ఊరుకునేవారు. అది చూస్తే నాకు ఇంకా భయం వేసింది. అన్నం సగం వదిలేసేవారు.

వైశాఖంలో మా తోటలో కొబ్బరికాయల దింపు జరుగుతోంది. కాయలు దబదబా పడుతున్నాయి. అరుగు మీద కూర్చుని లెక్క చూడవలసిన మనిషి, చూడకుండా నన్ను పిలిచారు.

"రెండో కాఫీ చెప్పేను" అన్నారు.

"ఎక్కడండీ?"

"మద్రాసులో. ఎండగా ఉంది, హోటల్లో ఫ్యాను కింద చల్లగా ఉంది. ఎలాగూ ఆలస్యం చేస్తారు కదా అని రెండోది చెప్పేను. తిరిగొచ్చేసరికి పాట అయిపోయింది. శ్రీలక్ష్మి బయట బల్ల మీద కూర్చునుంది. 'బాగా పాడేనురా అన్నయ్యా' అంది. నన్ను ఒక్కమాట అడగలేదు."

నేను పక్కన కూర్చున్నాను. ఆయనే మళ్ళీ అన్నారు, "వినాలనుంది. పెట్టు."

"ఏమిటండీ?"

"ఆ మాటలు. నీ ఫోన్లో ఉన్నాయిగా, పెట్టు."

"తీయించేశానండీ. మీరు చెప్పేరుగా."

ఆయన చిన్నగా నవ్వారు, నేను ఆటపట్టిస్తున్నాననుకుని. "చాల్లే. పెట్టు."

"నిజంగానే లేవండీ."

నవ్వు పోయింది. "నువ్వు ఎప్పుడైనా నా మాట విన్నావా? వద్దంటే డాక్టరు దగ్గరికి తీసికెళ్ళేవు. వద్దంటే వాణ్ణి పిలిచేవు. అంచు మీద వద్దంటే పెట్టించేవు. నేను తీసెయ్యమంటే నువ్వు దాచేస్తావనేగా నేను ఆ మాట అన్నది?"

నాగసతీష్‌కి ఫోను చేశాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. "లేదండి అమ్మగారూ. మీరు చెప్పేక నేనెలా ఉంచుతానండి. పూర్తిగా తీసేసేను" అన్నాడు. పక్కనే ఉన్నారు కాబట్టి, చెవులకి మిషన్లు ఉన్నాయి కాబట్టి, అది ఆయనకీ వినపడింది.

"నూనె రాయమన్నది కూడా నేనేనండీ" అన్నాను. ఇక దాచుకోవడానికి ఏముంది.

అది ఇప్పుడు ఆయనకి పట్టలేదు. "ముందు ఏమంది? ఒక్క నిమిషం అంది కదూ?" అన్నారు.

"ఒక్క నిమిషం ఆగుతారాండీ, మా అన్నయ్య వచ్చేస్తాడు" అన్నాను.

"అలా కాదు. అలా అనలేదు."

"మా అన్నయ్య వచ్చేస్తాడండి అంది. లేకపోతే... ముందు కాఫీ మాట అందేమో."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. గొంతు తగ్గించి చెప్పాను, పిల్లదానిలా చెప్పాను. ఏ మాట తర్వాత ఏ మాటో నాకే తడబాటు వచ్చేసింది. ఆయన కళ్ళు మూసుకుని, నా మాట నలభై ఏడేళ్ళలో ఎన్నడూ విననంత శ్రద్ధగా విన్నారు. విని, కాదని తల అడ్డంగా ఊపారు.